క్వాలిటీ సిస్టమ్ ఎందుకు నిలబడదు: రొయ్యల ప్లాంట్ల నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో గానీ, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో గానీ, క్వాలిటీ పని చేసేవాళ్లు ఎప్పుడు కలిసినా ఒకటే బాధ. సిస్టమ్ పెట్టాం, ట్రైనింగులు ఇచ్చాం, ఆడిట్ పాసయ్యాం, తీరా చూస్తే కొన్నాళ్లకి మళ్లీ మొదటికే వచ్చింది అని. ఎందుకట్ట అయిందని అడిగితే వచ్చే జవాబుల్లో చాలావరకు అపోహలే ఉంటాయి.

అపోహ: సర్టిఫికెట్ వచ్చిందంటే క్వాలిటీ ఉన్నట్టే.

క్వాలిటీ సిస్టమ్ ఎట్ట ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9001, అది చూసేది మీ పని పద్ధతిని, మీ సరుకుని కాదు. అసలు ఐఎస్‌ఓ సంస్థ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ఇచ్చేది వేరే సర్టిఫికేషన్ బాడీలు. ఆ సర్టిఫికెట్ మూడేళ్లు ఉంటుంది, మధ్యలో ఏటా సర్వైలెన్స్ ఆడిట్ (మళ్లీ వచ్చి చేసే తనిఖీ) ఉంటుంది, ఆ ఆడిటర్ కూడా చూసేది శాంపిల్ మాత్రమే. పోయిన నెల ఏ లాట్ (ఒక విడత సరుకు) ఆపారు, ఎందుకు ఆపారు, తర్వాత ఏం మార్చారు అని ఓనర్‌ని అడగండి, ఆయన చెప్పలేకపోతే గోడ మీద ఎన్ని ఫ్రేములున్నా లాభం లేదు.

అపోహ: వర్కర్లకి శ్రద్ధ లేదు, ఎంత చెప్పినా వినరు.

ఈ మాట అనే ముందు రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్‌లో ఒక పూట నిలబడి చూడండి. అక్కడ ఆడవాళ్లకి కూలి కిలో లెక్కన, చేతులు క్లోరిన్ నీళ్లలో ముంచడానికి లేచిన ప్రతిసారీ ఆమె కూలి తగ్గుతుంది, పైగా పట్టుబడి (చెరువుల్లో రొయ్యలు పట్టే) సీజన్లో రాత్రిపూట లారీలు వరసగా దిగుతుంటే ఐస్ చాలక సూపర్‌వైజర్ కానీండి కానీండి అని తరుముతుంటాడు. గోడ మీద బోర్డులు చూస్తే ఇంగ్లీషులో ఉంటాయి, చేసేవాళ్లలో మన పల్లెలోళ్లూ ఉంటారు, ఒడిశా నుంచి వచ్చినోళ్లూ ఉంటారు. కిలోకి డబ్బులిచ్చి శుభ్రత అడిగితే ఆమె దేన్ని ఎంచుకోవాలి చెప్పండి? చెయ్యి కడిగే టైముకి కూడా కూలి కట్టివ్వండి, ఆ తర్వాత శ్రద్ధ గురించి మాట్లాడదాం. క్వాలిటీ రంగానికి పెద్దదిక్కు లాంటి డెమింగ్ కూడా తన అనుభవం మీద వేసిన అంచనాలో 94 శాతం సమస్యలు సిస్టమ్‌వే, దాని బాధ్యత మేనేజ్‌మెంట్‌దే అన్నాడు.

అపోహ: రికార్డులో తప్పు కనపడకూడదు.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇదే. కోల్డ్ స్టోర్ టెంపరేచర్ లాగ్ తెరిస్తే నెలంతా మైనస్ 18, మైనస్ 18, మైనస్ 18, ఒకే పెన్ను, ఒకే చేతిరాత. కంటైనర్ లోడింగ్‌కి గంటలకొద్దీ తలుపు తెరిచి ఉంచుతారు, కరెంటు పోతుంది, డీఫ్రాస్ట్ అవుతుంది, మరి లోపల గాలి ఒక్క డిగ్రీ కూడా కదలకుండా ఎట్ట ఉంటుంది? అయినా ఎవరూ కావాలని మోసం చెయ్యట్లేదు, ఎప్పుడో ఒక కుర్రాడు మీటర్ చూసి మైనస్ 13 అని ఉన్నదున్నట్టు రాసుంటాడు, ఆడిట్ ముందర ఇదేంరా అని అందరి ముందూ తిట్టుంటారు, ఆ రోజు నుంచి ఆ ప్లాంట్‌లో టెంపరేచర్ పెరగడం ఆగిపోయింది, కాగితం మీద. ఆహార భద్రత కోసం వాడే హ్యాసప్ (HACCP) పద్ధతిలో ఉన్న ఏడు సూత్రాల్లో ఐదోది కరెక్టివ్ యాక్షన్ (తేడాని సరిదిద్దే చర్య), అంటే తేడా వస్తుందని సిస్టమే ముందుగా ఒప్పుకుంటుంది. మైనస్ 14, లోడింగ్‌కి తలుపు తెరిచాం, మూసిన తర్వాత మళ్లీ చూశాం, సరుకు లోపలి టెంపరేచర్ ఇంత అని రాసిన లాగ్‌ని మంచి ఆడిటర్ నమ్ముతాడు. డెమింగ్ చెప్పిన 14 సూత్రాల్లో ఎనిమిదోది భయాన్ని తరిమెయ్యమనే.

అపోహ: ఫైళ్లు ఎక్కువుంటేనే సిస్టమ్.

ఐఎస్‌ఓ 9001 పాత 2008 వెర్షన్లో క్వాలిటీ మాన్యువల్, ఆరు ప్రొసీజర్లు రాసి తీరాలని ఉండేది. 2015 వెర్షన్లో ఆ రూలే తీసేశారు. ఇప్పటికీ ఎవరిదో మాన్యువల్ కొనుక్కొచ్చి కంపెనీ పేరు మార్చి పెట్టుకుంటున్నారు.

అపోహ: మనలాంటోళ్లకి క్వాలిటీ అంటే అదనపు ఖర్చు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలో చీలిక కటింగ్‌కి ముందే పట్టుకుంటే పోయేది ఆ రాయే. అదే కోసి, పాలిష్ పట్టిన తర్వాత బయటపడితే కరెంటు, బ్లేడు, కూలి అన్నీ రాయితో పాటే పోతాయి. రొయ్యల్లో ఇంకా ఘోరం, చెరువులో వాడిన యాంటీబయాటిక్ అవశేషం పట్టుబడికి ముందు టెస్టులో దొరకాలి, యూరప్ పోర్టులో దొరికితే కంటైనర్ మొత్తం పోయినట్టే, పైగా దెబ్బ ఆ ఒక్క ప్లాంట్‌తో ఆగదు. 2016లో యూరోపియన్ యూనియన్ మన దేశం నుంచి వచ్చే చెరువు సరుకు కన్‌సైన్‌మెంట్లలో టెస్ట్ చేసేవాటిని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది, తప్పు చేయని రైతు కూడా ఆ భారం మోశాడు.

అపోహ: క్వాలిటీ అంటే క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) వాళ్ల పని.

చాలాచోట్ల క్యూసీ అమ్మాయి ప్రొడక్షన్ మేనేజర్ కిందే పని చేస్తుంది. ఆమె హోల్డ్ పెట్టిన, అంటే బయటికి పోకుండా ఆపిన లాట్‌ని షిప్‌మెంట్ ఉందని ఓనర్ ఒక్క ఫోన్‌తో వదిలించాడనుకోండి, ఆ కబురు గంటలో షెడ్ అంతా పాకుతుంది, ఇక తర్వాత ఎన్ని ట్రైనింగులు పెట్టినా ఎవరి చెవికీ ఎక్కదు. నేనైతే మొదలుపెట్టమని చెప్పేది ఇక్కడే: క్యూసీని ప్రొడక్షన్ కింద నుంచి తీసి నేరుగా ఓనర్ కింద పెట్టండి, హోల్డ్ ఎత్తాలంటే కారణం రాసి ఓనరే సంతకం పెట్టాలి, ఆ కాగితం షెడ్ బోర్డు మీద తెలుగులో, ఒడియాలో అంటించాలి.