గుడ్డులో కదిలే నల్ల చుక్క

చిత్తూరు చుట్టుపక్కల హ్యాచరీల్లో ఇంక్యుబేటర్‌లో పెట్టిన గుడ్డును నాలుగైదు రోజులకు చీకటి గదిలో టార్చి మీద పట్టి చూస్తే, సన్నని ఎర్ర నరాల మధ్య ఒక నల్ల చుక్క అల్లాడుతూ కనిపిస్తుంది. చాలామంది అది గుండె అనుకుంటారు. కాదు, కన్ను. అంగడి గుడ్డులో ఇది కనబడదు. గుడ్ల కోసమే కోళ్లను పెంచే లేయర్ ఫారంలో పుంజులుండవు, పిండమూ ఉండదు.

ఆ చుక్కకు రంగు పట్టడం మొదలయ్యేది మూడో రోజున. అసలు పని అంతకు ముందే నడుస్తుంటుంది. 37.5 డిగ్రీల వేడిలో ముప్ఫై గంటలు దాటేసరికి, మెదడు కాబోయే గొట్టం ముందు భాగం రెండు పక్కలా బుడగల్లా ఉబ్బి, తల చర్మాన్ని లోపలి నుంచి తాకుతుంది. తాకిన చోట చర్మం మందమవుతుంది. ఆ మందమే ప్లాకోడ్. రెండు రోజులయ్యేసరికి అది గుంటపడుతుంది, తర్వాత అంచులు కలిసి చర్మం నుంచి తెగిపోయి కటకం (లెన్స్) అవుతుంది. ఈలోగా బుడగ కూడా లోనికి ముడుచుకుని రెండు గోడల గిన్నెలా తయారవుతుంది. లోగోడ వెలుతురును పట్టే రెటీనా, వెలిగోడ నల్లరంగు పొర. కాబట్టి కంట్లో రెటీనా మెదడు ముక్క, కటకం చర్మం ముక్క.

1901లో జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ స్పేమన్ కప్ప పిండంలో ఒకవైపు ఆ బుడగ మొలకను నాశనం చేశాడు. ఆ వైపు కటకం రాలేదు. కథ అక్కడితో తేలిపోలేదు: వేరే జాతి కప్పలో బుడగ లేకపోయినా కటకం వచ్చింది! చర్మం అంతకు ముందే కొంత సిద్ధపడి ఉంటుందని, బుడగది ఒక్కటే పెత్తనం కాదని తర్వాత తెలిసింది.

లోపలి చెవి దారి వేరు. వెనక మెదడు పక్కన చర్మమే మందమై, గుంటపడి, సంచిలా మూసుకుంటుంది. వినికిడి శంఖం, తూకం నిలిపే అర్ధవలయ నాళాలు రెండూ ఆ సంచిలోంచే వస్తాయి.

మొదటి రోజుల్లో థర్మోస్టాట్ తప్పి ఇంక్యుబేటర్ వేడెక్కితే కన్ను చిన్నదైపోయిన, అసలే లేని పిల్లలు వస్తాయి. మనుషుల్లో కంటి గాడి, చెవి ప్లాకోడ్ కనిపించేది ఫలదీకరణ తర్వాత దాదాపు 22వ రోజున, అంటే నెల తప్పి వారం దాటేసరికి. కంటి గిన్నె అడుగున ఉండే చీలిక ఏడో వారంలో మూసుకోవాలి. మూసుకోకపోతే కనుపాప కింద తాళపు రంధ్రంలా సందు మిగులుతుంది. దాన్ని కొలబోమా అంటారు. తల్లికి మొదటి పన్నెండు వారాల్లో రుబెల్లా వైరస్ సోకితే బిడ్డకు కంటి శుక్లం, చెవుడు, గుండె లోపం రావచ్చు. కడుపుతో ఉన్నప్పుడు రుబెల్లా టీకా వెయ్యరు. గర్భానికి కనీసం నెల ముందే వేయించుకోవాలి.