కండ వేరు, బలం వేరు

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే పెద్దవాళ్లకు కొదవ లేదు. వైఎంసీఏ దాకా చకచకా వెళ్లొచ్చిన డెబ్భై ఏళ్లాయన కూడా, గట్టు మీంచి లేచేటప్పుడు మోకాళ్లకు చేతులు ఆనించాల్సిందే. నడక గుండెకు మంచిదే, కానీ తొడ కండకు అదొక్కటే చాలదు.

బరువులెత్తించడం వైద్యంలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంతో. గాయపడ్డ సైనికులకు కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోయే పద్ధతిని అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్ 1945లో ప్రచురించాడు. ముసలివాళ్ల జోలికి మాత్రం ఎవరూ పెద్దగా పోలేదు. వయసుతో కండ కరగడానికి ‘సార్కోపీనియా’ అని ఇర్విన్ రోజెన్‌బర్గ్ పేరు పెట్టిందే 1980ల చివర్లో.

1990లో మరియా ఫియాటరోన్ బృందం బోస్టన్‌లోని ఓ వృద్ధాశ్రమంలో సుమారు తొంభై ఏళ్ల వయసు వాళ్ల చేత ఎనిమిది వారాలు బరువులెత్తించింది. చేరింది పదిమంది, పూర్తి చేసింది తొమ్మిదిమంది. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ పెరిగిందేమో 9 శాతమే! నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఉన్న కండను నరాలు ఎంత బాగా పనిలోకి దింపుతాయన్నదాని మీదా బలం ఆధారపడుతుంది.

మందుల వేట మాత్రం కండ వెంటే పోయింది. 1997లో సే-జిన్ లీ బృందం కండ పెరుగుదలకు కళ్లెం వేసే మయోస్టాటిన్ అనే ప్రొటీన్‌ను కనుక్కుంది. దాని జన్యువు లేని ఎలుకలకు కండలు రెండు మూడింతలయ్యాయి. ఆ దారిలోనే వచ్చిన బిమాగ్రుమాబ్ అనే మందును వృద్ధులకిచ్చి చూస్తే కండ పెరిగింది. నడక, లేవడం లాంటి పనుల్లో మాత్రం ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ల కంటే మెరుగేమీ కనిపించలేదు. ఆ ఫలితాలు 2020లో వెలువడ్డాయి.

కాబట్టి ఇప్పుడు పనిని కూడా కొలుస్తున్నారు. ఆసియా నిపుణుల 2019 ప్రమాణాల ప్రకారం పిడికిలి పట్టు మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోలు ఉండాలి. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పట్టిందంటే సార్కోపీనియా ఉందేమోనని అనుమానించాల్సిందే. ఈ కుర్చీ పరీక్షలో టైము చూసుకోవడానికి సెల్‌ఫోను చాలు.

అయితే ఈ బరువులు అందరికీ ఒకేలా సరిపడవు, ముఖ్యంగా పోలియో వచ్చినవాళ్లకు. ఆ వైకల్యం అనుభవం విశాఖకు బాగానే ఉంది. పోలియో బాధితులకు శస్త్రచికిత్సలు చేసిన ఇక్కడి ఎముకల వైద్యుడు సుంకర ఆదినారాయణరావుకు 2022లో పద్మశ్రీ వచ్చింది. దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 నాటిది. కానీ చిన్నప్పుడు ఆ జబ్బు సోకినవాళ్లలో చాలామంది ఇప్పుడు పెద్దవయసుకు చేరుతున్నారు. చచ్చిపోయిన నరకణాల పని కూడా ఇన్నాళ్లూ మోసిన కణాలు దశాబ్దాల తర్వాత అలసిపోయి, కొందరికి మళ్లీ బలహీనత వస్తుంది. తొంభై ఏళ్లవాళ్లకు పనిచేసిన భారీ బరువుల సూత్రం వీళ్లకు నేరుగా వర్తించదు. అలసట రాకముందే ఆపాలి, మధ్యమధ్య విశ్రాంతి ఉండాలి, బరువెంతన్నది ఫిజియోథెరపిస్టు మనిషిని చూసి తేల్చాలి.