సాగేదంతా గోధుమ కాదు

మా చెల్లి గురుగ్రామ్‌లో ఉంటుంది. వాళ్ల పాపకు ఎనిమిదేళ్లు. పోయిన ఏడాది సీలియాక్ జబ్బు ఉందని తేలింది. అప్పటినుంచి ఆ ఇంట్లో గోధుమపిండి డబ్బా లేదు, బ్రెడ్డూ బిస్కెట్లూ లేవు. ఓ సాయంత్రం ఫోన్ చేసి, "అక్కా, పుట్టినరోజు పార్టీలో రిటర్న్ గిఫ్ట్‌గా గమ్మీలని, ఆ నమిలే జెల్లీ మిఠాయిల ప్యాకెట్ ఇచ్చారు. ఒకటి నేను నమిలి చూశాను, పరోటాలా సాగుతోంది. మైదా ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. దీనికి పెట్టొచ్చా?" అని అడిగింది.

ఆమె అనుమానంలో తప్పేమీ లేదు. మైదా ముద్ద సాగడానికి కారణం గ్లూటెనే. గోధుమలోని గ్లయాడిన్, గ్లుటెనిన్ అనే ప్రోటీన్లు నీళ్లు తగిలి, పిసికే కొద్దీ ఒకదానితో ఒకటి పెనవేసుకుని వలలా తయారవుతాయి. చపాతీ ముద్దను కుళాయి కింద పట్టుకుని మెల్లగా పిసుకుతూ కడిగితే పిండిపదార్థమంతా తెల్లటి నీళ్లయి పోతుంది. చేతిలో రబ్బరులాంటి బంక ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. బార్లీ, రై ధాన్యాల్లోనూ దీని దగ్గరి చుట్టాలైన ప్రోటీన్లు ఉంటాయి. సీలియాక్ ఉన్నవాళ్ల ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఈ ప్రోటీన్‌ను చూసి, తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. ఆహారాన్ని పీల్చుకునే సన్నని వేళ్లలాంటి కణజాలం అరిగి చదునైపోతుంది. పిల్లలైతే ఎదగరు, రక్తం పట్టదు. గ్లూటెన్‌ను జీవితాంతం పూర్తిగా మానేయడం ఒక్కటే చికిత్స.

గమ్మీ సాగడం మాత్రం వేరే కథ. అందులో ఉండేది జెలటిన్. పశువుల చర్మం, ఎముకల్లోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను ఉడికించి తీస్తారు. వేడినీళ్లలో దాని పోగులు విడివిడిగా తేలుతుంటాయి. చల్లారేటప్పుడు మళ్లీ మెలికలు తిరిగి, నీటినీ చక్కెరనూ తమ మధ్య బంధించేస్తాయి. మన ఒంటి వేడికి దగ్గరలోనే ఆ మెలికలు వీడిపోతాయి కాబట్టి గమ్మీ నోట్లో కరుగుతుంది, ఎండలో కారులో వదిలేస్తే ముద్దయిపోతుంది. జెలటిన్ కూడా ప్రోటీనే, కానీ గ్లూటెన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. శాకాహార గమ్మీల్లో దాని బదులు పండ్ల తొక్కల నుంచి తీసే పెక్టిన్ వాడతారు.

గమ్మీ అనే పేరు కూడా బంక నుంచి వచ్చిందే. జర్మనీలోని బాన్ నగరంలో హాన్స్ రీగెల్ 1920లో హరిబో కంపెనీ పెట్టాడు. 1922లో ఎలుగుబంటి బొమ్మల మిఠాయి తెచ్చాడు. మొదట్లో దానికి జెలటిన్ కాదు, గమ్ అరబిక్ వాడేవారు. అది మన తుమ్మ జాతి చెట్ల నుంచి కారే జిగురు.

అసలు ఆలోచించాల్సింది గ్లూకోజ్ సిరప్ గురించి. గమ్మీలో చక్కెరతో పాటు పెద్ద వాటా దీనిదే. పిండిపదార్థాన్ని ఎంజైములతో ముక్కలు చేసి ఈ సిరప్ తయారుచేస్తారు. మన దేశంలో, అమెరికాలో ఎక్కువగా మొక్కజొన్న పిండి వాడతారు. యూరప్‌లో గోధుమ పిండిపదార్థం వాడకం కూడా బాగానే ఉంది. అక్కడి నుంచి వచ్చిన ప్యాకెట్ మీద "గ్లూకోజ్ సిరప్, గోధుమ నుంచి" అని చదివితే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది.

ఇది చెల్లికి వివరించడానికి నాకు మా బందరు హల్వా సాయపడింది. మా అమ్మ గోధుమలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వేసి పాలు పిండేది. పిప్పి పక్కకు పోయేది. ఆ పాలను కదపకుండా ఉంచితే చిక్కటి పిండిపదార్థం అడుక్కి దిగేది. పైన తేట వంచేసి, అడుగున మిగిలినదాన్ని బెల్లం పాకంలో పోసి, నెయ్యి వేస్తూ గంటలకొద్దీ కలిపేది. గ్లూటెన్‌లో ఎక్కువ భాగం పిప్పితో పోతుంది. కానీ గుడ్డ సందుల్లోంచి కొంత పాలలోకి దిగుతుంది. అందుకే బందరు హల్వా చూడ్డానికి గమ్మీలాగే మెరుస్తూ ఊగినా, సీలియాక్ ఉన్నవాళ్లకు పనికిరాదు. ఫ్యాక్టరీలోనూ మొదటి మెట్టు గోధుమ పాలు తీయడం లాంటిదే, కానీ అక్కడితో ఆగరు. ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా కోస్తాయి. ఆ తర్వాత వడపోతలు, బొగ్గు, ప్రత్యేకమైన రెజిన్లు కలిసి మిగిలిన ప్రోటీన్‌ను లాగేస్తాయి. చివరికి మిగిలే గ్లూటెన్ అతి స్వల్పం. ఆ లెక్కలన్నీ చూశాకే యూరోపియన్ యూనియన్ గోధుమ గ్లూకోజ్ సిరప్‌ను అలెర్జీ కారకాల తప్పనిసరి ప్రకటన నుంచి మినహాయించింది.

"అతి స్వల్పం అంటే ఎంత?" అని ఆమె వెంటనే అడిగింది. అంతర్జాతీయంగా, మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లోనూ గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఉన్న గమ్మీలు 50 గ్రాములు తింటే ఒంట్లోకి వెళ్లేది ఒక మిల్లీగ్రాము. ఎక్కువమంది సీలియాక్ రోగులకు రోజుకు 10 మిల్లీగ్రాముల దాకా హాని కనబడదని వైద్యులు లెక్కవేస్తారు. ఒక్క గోధుమ బ్రెడ్ ముక్కలో రెండు గ్రాముల పైనే, అంటే 2,000 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది.

అయితే గమ్మీ అని పిలిచేవన్నీ ఒకటి కాదు. పుల్లటి చక్కెర అద్దిన పొడవాటి బెల్టులు, తాళ్లలాంటి మిఠాయిలు, లికోరిస్ (అతిమధురం) చుట్టలు, ఇవి తెగిపోకుండా సాగాలని చాలా కంపెనీలు నేరుగా గోధుమపిండే కలుపుతాయి. ఒకే కంపెనీ ఎలుగుబంట్లు తినదగ్గవే అయినా, అదే కంపెనీ లికోరిస్ చుట్టలు తినకూడనివి కావచ్చు. రుచి కోసం కలిపే బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, మరో చిక్కు. అమెరికా చట్టం ప్రకారం గోధుమను అలెర్జీ కారకంగా ప్రకటించాలి, బార్లీకి ఆ నియమం లేదు. కాబట్టి అక్కడి ప్యాకెట్లలో మాల్ట్ అన్న మాటను మనమే వెతుక్కోవాలి. మాల్టోడెక్స్ట్రిన్ అని ఉంటే మాత్రం భయపడక్కర్లేదు. పేరులో పోలిక ఉన్నా అది బార్లీ మాల్ట్ కాదు.

అచ్చుల సంగతి కూడా చెప్పాలి. పళ్లెం నిండా మెత్తటి పిండి పరిచి, అందులో బొమ్మల గుంతలు ఒత్తి, వేడి పాకాన్ని పోసి ఆరబెడతారు. ఆ పిండి సాధారణంగా మొక్కజొన్నదే. కొట్లో సీసాల్లోంచి విడిగా తూచి ఇచ్చే గమ్మీలను మాత్రం నేను వద్దనే అంటాను. పక్క సీసాలోని బెల్టు ముక్కకు వాడిన గరిటే ఇందులోనూ మునుగుతుంది.

ప్యాకెట్ మీద గోధుమరంగు త్రికోణం చూసి చెల్లి మొదట గోధుమ ఉందనే అనుకుంది! అది మాంసాహారం గుర్తు, జెలటిన్ ఉన్నందుకు వేశారు. ఆకుపచ్చ చుక్క ఉన్నా అంతే, గ్లూటెన్ గురించి అది ఏమీ చెప్పదు. చూడాల్సింది పదార్థాల జాబితా కిందుండే అలెర్జీ వాక్యం. గోధుమ ఉందనో, ఉండే అవకాశం ఉందనో అక్కడ రాస్తారు.

"మన వైపు ఎవరికీ లేని జబ్బు దీనికెలా వచ్చింది?" అని మా అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. 2016లో వెలువడిన ఓ పెద్ద సర్వేలో దక్షిణాదిలో సీలియాక్ చాలా అరుదుగా, ఉత్తరాదిలో దాదాపు నూటికి ఒకరికి కనిపించింది. ఈ జబ్బుకు దారితీసే జన్యువులు రెండు చోట్లా ఇంచుమించు ఒకే నిష్పత్తిలో ఉన్నాయి. పెద్ద తేడా రోజూ తినే గోధుమలో ఉంది. అంటే అన్నం తినే ఇళ్లలోనూ ఈ జన్యువులు ఉన్నవాళ్లు ఉన్నారు. మనవైపు పిల్లల్లో ఎదుగుదల ఆగితే, రక్తహీనత ఎంతకీ తగ్గకపోతే, సీలియాక్ రక్తపరీక్ష కూడా అడగాలి. పరీక్షకు ముందు గోధుమ మానేయకూడదు, మానేస్తే రక్తంలో జబ్బు ఆనవాళ్లు తగ్గిపోయి అది దొరక్కుండా పోతుంది.

ఆ సాయంత్రం చెల్లి ప్యాకెట్ వెనక ఫోటో పంపింది. చక్కెర, గ్లూకోజ్ సిరప్, జెలటిన్, సిట్రిక్ యాసిడ్, రంగులు. గోధుమ లేదు, మాల్ట్ లేదు, హెచ్చరికా లేదు. పెట్టమన్నాను. సంక్రాంతికి వాళ్లు వచ్చినప్పుడు అమ్మ కార్న్‌ఫ్లోర్‌తో హల్వా చేసింది. ముక్క నోట్లో వేసుకుని పాప, "అమ్మమ్మా, ఇది గమ్మీలా సాగుతోంది" అంది.