జిమ్ ఫీజు కట్టకముందు చేయాల్సిన పని

జనవరి మొదటి వారంలో జిమ్‌కి వెళ్తే ట్రెడ్‌మిల్ ఖాళీ దొరకదు. మార్చి వచ్చేసరికి ఏడాది ఫీజు ఒకేసారి కట్టినవాళ్లు కూడా చాలామంది కనిపించరు. వాళ్లది బద్ధకమని తేల్చేస్తాం. చాలాసార్లు జరిగేది వేరు. ఎక్కే తొందరలో మధ్యలో ఒక మెట్టు వదిలేసి ఉంటారు.

ఈ మెట్ల లెక్క సిగరెట్ మానేవాళ్లను గమనించడంతో మొదలైంది. ఆ అలవాటు ఒక్క రోజు నిర్ణయంతో పోదనీ, మనిషి కొన్ని దశలు దాటతాడనీ అమెరికన్ మనస్తత్వవేత్తలు జేమ్స్ ప్రొచాస్కా, కార్లో డిక్లెమెంటె 1983లో ప్రచురించిన అధ్యయనంలో వివరించారు. తర్వాత దాన్ని వ్యాయామానికీ వాడారు. వచ్చే 6 నెలల్లో మొదలుపెట్టే ఉద్దేశమే లేకపోతే మొదటి దశ. 'ఈ 6 నెలల్లో చూద్దాం' అనుకుంటే రెండోది. నెలలోపే మొదలుపెట్టాలని ఏర్పాట్లు చేసుకుంటుంటే సన్నాహం. మొదలుపెట్టాక 6 నెలల వరకు ఆచరణ, ఆపైన కొనసాగింపు. ఈ గడువులు పరిశోధకులు కొలత కోసం పెట్టుకున్నవే. మనుషులు మధ్యలో దశలు వదిలేసి ముందుకు దూకేస్తారు, వెనక్కీ జారతారు. అయినా మనం ఎక్కడున్నామో చూసుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఎక్కువమంది ఇరుక్కుపోయేది రెండో దశలో. షుగర్ ఉంది, డాక్టరుగారు నడవమన్నారు, నడిస్తే మంచిదని తెలుసు. అలాంటివాళ్లకు నడక లాభాలు మళ్లీ చెప్పి ఏం ప్రయోజనం? అడ్డమేమిటో తేల్చాలి. 'టైమ్ లేదు' అంటే ఏమీ తేలదు. 'ఆరున్నరకు పిల్లల క్యారేజీలు సర్దాలి' అంటే దారి దొరుకుతుంది: పిల్లల్ని స్కూల్ బస్సెక్కించి, అటునుంచి అటే నడిచి రావచ్చు.

చాలామంది వదిలేసేది సన్నాహం మెట్టే. నా దృష్టిలో అసలు పని ఇక్కడే ఉంది. ఒక వాక్యం కాగితం మీద రాయండి: 'సాయంత్రం టీ తాగి గ్లాసు కడిగి పెట్టగానే షూ వేసుకుని వీధి చివరి రావిచెట్టు దాకా వెళ్లొస్తాను.' 'రోజూ నడుస్తాను' అన్న సంకల్పం కంటే, ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అని ముందే కట్టుకున్న ప్లాన్ ఎక్కువగా అమలవుతుందని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపించాయి. షూ సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వేలి కొసకూ షూ కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నడిస్తే ఛాతీ పట్టేసినట్టుండేవాళ్లు, షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడాలి.

ఇక మొదటి రెండు వారాలు వారానికి 5 రోజులు, రోజుకు 10 నిమిషాలే నడవండి. తర్వాత వారానికి 5 నిమిషాల చొప్పున పెంచితే ఆరో వారానికి రోజుకు అరగంట, అంటే వారానికి 150 నిమిషాలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన 150–300 నిమిషాల్లో కింది గీత ఇది. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఆయాసం రావాలి. వేగం అలా ఉంటే చాలు. తొలిరోజే 5 కిలోమీటర్లు నడిస్తే ఒళ్లు నొప్పులు మర్నాటి నుంచి మూడో రోజు లోపు బాగా ముదురుతాయి. 'రెండు రోజులు ఆగుదాం' అన్న మాట అప్పుడే వస్తుంది, ఆ రెండు రోజులు రెండు నెలలవుతాయి.

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మి, 22వ రోజూ బలవంతంగానే లేవాల్సి వస్తే నిరాశపడకండి. లండన్‌లో 96 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఆలోచించకుండానే చేసేంత అలవాటు కావడానికి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే తేలింది.

జ్వరమో, ఇంట్లో పెళ్లో వచ్చి రెండు వారాలు ఆగిపోతే మళ్లీ సన్నాహం మెట్టు మీద నిలబడినట్టు. పాత సమయంలో సగంతో మొదలుపెట్టి, వారం తర్వాత పెంచాలి. మన దగ్గర మే ఎండ ఏటా వచ్చే అడ్డమే కాబట్టి, మార్చిలోనే ఆ కాగితం తీసి రెండో వాక్యం రాసుకోండి: 'ఎండలు ముదిరితే ఉదయం ఆరు లోపు. మెలకువ రాకపోతే సాయంత్రం ఇంట్లోనే వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి, 20 నిమిషాలు.'