తక్కువ ధర పనిముట్లలో ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఐటీఐ ముగించి మొదటి జీతం అందుకున్నవాళ్లూ, ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న వర్క్‌షాప్ పెట్టుకోవాలని ఉబలాటపడుతున్నవాళ్లూ నన్ను అడిగేది దాదాపు ఒకటే. "మాస్టారూ, చేతిలో మూడు నాలుగు వేలే ఉన్నాయి. చవకవి కొంటే పాడవుతాయేమోనని టెన్షన్. మంచివి కొందామంటే డబ్బు చాలదు. ఏం చేయమంటారు?" నిలబడి రెండు మాటల్లో చెప్పి పంపించేసే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

చవక సరుకంతా చెత్త అంటే నేను ఒప్పుకోను. మన దేశంలో చేతి పనిముట్లు ఎక్కువగా జలంధర్, లూధియానా, నాగౌర్ వైపు తయారవుతాయి. అక్కడి చిన్న కార్ఖానాల నుంచి పేరు తెలియని మంచి సరుకూ వస్తుంది, తళతళలాడే పనికిరాని సరుకూ వస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒకే దుకాణంలో చూడండి, ఒకే సైజు పానా మూడు రకాల ధరల్లో వేలాడుతుంటుంది. పైకి మూడూ ఒకేలా ఉంటాయి. అందుకే ధర చూసే ముందు ఒక సంగతి ఆలోచించమంటాను: ఈ పనిముట్టు పని చేసేటప్పుడు భారమంతా ఎక్కడ పడుతుంది? బరువు మీదా, ఆకారం మీదా పడితే చవకది చాలు. మొన మీదో, అంచు మీదో, కొలత మీదో పడితే అక్కడ డబ్బు పెట్టండి. మీ కళ్ల మీదకో వేళ్ల మీదకో వచ్చేదైతే బేరమే ఆడకండి.

పానాల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. ప్లాస్టిక్ పెట్టెలో నలభై యాభై పీసులు సర్ది ఉన్న సెట్టు చూడగానే మనసు లాగేస్తుంది. అందులో సగం మీరు ఏడాదికి ఒకసారి కూడా ముట్టుకోరు. మన మోటార్‌సైకిళ్ల మీద రోజూ తగిలేవి 8, 10, 12, 14, 17 సైజులు. సెట్టుకు పెట్టే డబ్బుతో ఇవి మాత్రం విడిగా, మంచి రకంలో కొనుక్కోండి. తపారియా లాంటి పేరున్న రకం పానాలు చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులో కూడా విడిగా దొరుకుతాయి. పెట్టెలో వచ్చే రాచెట్ హ్యాండిల్ (ఒకవైపే పట్టుకుని తిప్పే పిడి) లోపల పళ్లు మెత్తనివైతే గట్టి నట్టు దగ్గర టకటకమని జారిపోతుంది. అప్పుడు మీ వేళ్లు వెళ్లి ఇంజన్ ఫిన్నులకు తగులుతాయి.

దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక కొత్త ఎం6 బోల్టు వేసుకెళ్లండి. దాని తల సాధారణంగా 10 మి.మీ. ఉంటుంది. పానా నోట్లో దాన్ని పెట్టి వేళ్లతో అటూ ఇటూ తిప్పండి. కొంచెం ఆట ఉండాలి, లేకపోతే అసలు ఎక్కదు. కానీ బోల్టు స్పష్టంగా ఊగుతూ పానా నోరు బోల్టు మూలల్ని మాత్రమే పట్టుకుంటున్నట్టు కనబడితే అక్కడే వదిలేయండి. నట్టుకు ఉండేవి ఆరు మూలలు. అవి ఒకసారి గుండ్రంగా అరిగాయంటే పానా ఖరీదుతో పోదు. నట్టు కోయాలి, ఒక్కోసారి స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) కూడా మార్చాలి, కస్టమర్‌కు జవాబు చెప్పాలి. పానా మీద "క్రోమ్ వెనేడియం" అని ఉంటే నిశ్చింతగా ఉండకండి. ఆ అక్షరాలు ఏ ఇనుము మీదైనా కొట్టవచ్చు. ఉక్కు రకం ఎంత ముఖ్యమో దానికి టెంపర్ (కాచి చల్లార్చి తెచ్చే గట్టిదనం) సరిగ్గా పెట్టడం కూడా అంతే ముఖ్యం. అది కంటికి కనబడదు. పాత ఆకురాయి ఒకటి దగ్గర ఉంచుకుని, కొన్నాక కనబడని చోట ఒకసారి లాగి చూడండి. ఆకురాయి జారిపోతూ కష్టంగా గీరితే ఉక్కు గట్టిది. మెత్తగా కొరికి రజను రాలితే, ఆ రకం రెండోది కొనకండి.

స్క్రూడ్రైవర్ కూడా ఈ జాతిదే. పిడి రంగు చూడకండి, మొన చూడండి. స్టార్ మొన నాలుగు రెక్కలూ సమానంగా, అంచులు నిఖార్సుగా ఉండాలి. రెక్కల మీద పోతపోసినట్టు మొద్దుగా కనబడితే అది మొదటి గట్టి స్క్రూకే అరిగిపోతుంది, స్క్రూ తలనూ పాడు చేస్తుంది. ఇక్కడ మీకు కాలేజీలో చెప్పని సంగతి ఒకటుంది. జపాన్ డిజైన్ బండ్ల మీద స్టార్ స్క్రూలు మనకు అలవాటైన ఫిలిప్స్ రకం కాకపోవచ్చు. తల మీద ఒక చిన్న చుక్క ఉంటే అది జపాన్ ప్రమాణం స్క్రూ. ఫిలిప్స్ మొన అందులో పూర్తిగా కూర్చోదు, బలం పెట్టగానే పైకి లేస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మంచిదైనా తప్పు రకం అవుతుంది.

ఇక కొలత పనిముట్లు. వీటిని చవకలో కొనవచ్చు, అయితే పరీక్షించి మాత్రమే. పరీక్షలు సులువు, దుకాణదారు కూడా అభ్యంతరం చెప్పడు. మూలమట్టం ఉంది కదా, దాన్ని నిటారు అంచున్న పలక మీద పెట్టి సన్నటి పెన్సిల్‌తో గీత గీయండి. తర్వాత మూలమట్టాన్ని బోర్లించి, అంటే ఎడమ వైపు చూసేదాన్ని కుడి వైపు చూసేలా తిప్పి, అదే చోటు నుంచి మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకటైపోతే మట్టం నిజం. పైకి పోయేకొద్దీ విడిపోతే, ఆ ఎడంలో సగం దాని తప్పు. రసమట్టం కూడా ఇంతే. ఒక చోట పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, మట్టాన్ని తలకిందులు చేయకుండా రెండు చివరలూ అటుదిటు మార్చి అదే చోట పెట్టండి. బుడగ మళ్లీ అక్కడికే రావాలి. ఖరీదైన రసమట్టం కూడా కింద పడితే తప్పుతుంది కాబట్టి ఈ పరీక్ష ఎప్పటికీ పనికొస్తుంది.

టేపు చివర కొక్కెం కొంచెం కదులుతుంటే లోపమనుకుని వెనక్కి ఇచ్చేసేవాళ్లున్నారు. అది కావాలనే అలా చేస్తారు. లోపలి కొలత తీసేటప్పుడు కొక్కెం నెట్టుకుంటుంది, బయటి కొలతకు లాగబడుతుంది. దాని మందం ఎంతో అంతే కదలాలి. అంతకంటే ఎక్కువ ఊగుతుంటేనే అనుమానించండి.

వెర్నియర్‌కు, అంటే దవడలతో సన్నటి కొలతలు తీసే స్కేలుకు, నేను మొదట్నుంచీ చెప్పే కిటుకు బేరింగ్. కొత్త 6202 బేరింగ్ ఒకటి కొనండి, సీలింగ్ ఫ్యాన్లలో ఉండేదే. లోపలి రంధ్రం 15 మి.మీ., బయటి వ్యాసం 35, వెడల్పు 11. మంచి కంపెనీ బేరింగ్ బయటి వ్యాసంలో తేడా మిల్లీమీటరులో వందో వంతు దగ్గర ఉంటుంది, మీ వెర్నియర్ చదివేది 0.02 మి.మీ. అంటే చాలా తక్కువ డబ్బుతో మీ చేతిలోకి నమ్మదగ్గ కొలత వచ్చేసినట్టే. దవడలు పూర్తిగా మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సందులోంచి వెలుగు రాకూడదు. ఆ తర్వాత బేరింగ్ కొలిచి చూడండి. లోపలి దవడల్నీ బయటి దవడల్నీ రెండింటినీ పరీక్షించండి. చవక వెర్నియర్లలో బయటి కొలత సరిగ్గా ఉండి లోపలి కొలత తప్పడం తరచుగా కనిపిస్తుంది.

హ్యాక్సా విషయంలో ఫ్రేమ్ మీద కొంచెం, బ్లేడ్ మీద బాగా ఖర్చు పెట్టండి. ఫ్రేమ్ కొనేటప్పుడు రెక్క నట్టు బిగించి బ్లేడ్‌ను వేలితో మీటండి. గట్టిగా మోగాలి. ఫ్రేమ్ వంగిపోతూ బ్లేడ్ వదులుగానే ఉంటే ఎంత మంచి బ్లేడైనా పక్కకు పోయి విరుగుతుంది. ఉలి కొనాలంటే మీ దగ్గర్లో కమ్మరి ఉంటే ఆయన్నే అడగండి. లారీ కమాన్ పట్టీ ఉక్కుతో చేయించిన ఉలి, టెంపర్ తెలిసిన చేతి మీదుగా వచ్చినదైతే, షాపులో మెరిసే సెట్టు కంటే ఎక్కువ కాలం అంచు నిలబెడుతుంది.

చవకవి ధైర్యంగా కొనగలిగినవి కూడా ఉన్నాయి. కొయ్య సుత్తి, జి క్లాంపులు, నూనె డబ్బా, బ్రష్షులు, పనిముట్ల సంచి, స్టాండ్లు. బెంచి వైస్ కూడా ఈ వరసలో చేర్చవచ్చు, కాకపోతే బరువుగా ఉండాలి, దవడలు మూస్తే పొడవునా ఒకేసారి కలవాలి. ఇనుప సుత్తికి కట్టె పిడి నారలు పొడవునా సాగుతున్నాయో లేదో చూడండి. అడ్డంగా పోయిన నార ఏదో రోజు విరుగుతుంది, తల ఎగిరి ఎవరి మీదనో పడుతుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత వైసులు, పాత సుత్తి తలలు దొరుకుతాయి. తుప్పు చూసి భయపడకండి, పగులు చూసి భయపడండి.

కరెంటు పనికి వాడే ప్లయర్, టెస్టర్ మాత్రం సంతలో కొనకండి. టెస్టర్ లోపల ఒక రెసిస్టర్ ఉంటుంది, మీ ఒంట్లోంచి పోయే కరెంటును ప్రమాదం లేనంత తక్కువకు తగ్గించేది అదే. అది నాసిరకంగా ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మంచి టెస్టర్ కూడా వెలగలేదంటే కరెంటు లేదని నమ్మవద్దు. ముందు కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి అది వెలుగుతోందని చూసుకుని, తర్వాత పని చోట పెట్టాలి.

గ్రైండర్ గురించి రాస్తుంటే నాకు ఎప్పుడూ భయమే. చేతిలో పట్టుకునే 4 అంగుళాల యంత్రం నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. దాని 100 మి.మీ. డిస్కు మీద 15,300 అని గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది, యంత్రం వేగం ఎప్పుడూ దానికి లోపే ఉండాలి. ఏ అంకే వేయని డిస్కు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. డిస్కు మధ్యలోని లోహపు వలయం మీద నెల, సంవత్సరం ఉంటాయి, అది గడువు తేదీ. జిగురుతో కలిపి చేసిన డిస్కు తేమకూ వయసుకూ బలం కోల్పోతుంది. గడువు దాటినవే దుకాణాల్లో తక్కువ ధరకు అమ్ముడుపోతుంటాయి. గార్డు తీసేసి 5 అంగుళాల డిస్కు ఎక్కించడం, కట్టె కోయడానికి పళ్ల బ్లేడ్ బిగించడం మీ పక్క షాపులో రోజూ చేస్తుండవచ్చు. మీరు చేయకండి. యంత్రం చవకది కొన్నా సరే, గార్డు గట్టిగా బిగిసేదిగా, స్విచ్ తీయగానే కరెంటు ఆపేదిగా ఉందో లేదో చూడండి. డిస్కులు, కళ్లద్దాలు మాత్రం మంచివే కొనండి.

డ్రిల్ మెషిన్ కొనాలనుకుంటే బ్యాటరీదాని కంటే తీగదే మొదట తీసుకోండి. ఉన్న డబ్బు బ్యాటరీకి పోకుండా మోటారుకు పోతుంది. కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందిస్తూ అరిగిపోయే ముక్కలు) బయట నుంచి మూత విప్పి మార్చుకునేలా ఉండాలి. ఆర్మేచర్ (మోటారులో ఆ తిరిగే భాగం), స్విచ్ మీ ఊళ్లో దొరుకుతాయా అని రిపేరు షాపులో ముందే కనుక్కోండి, యంత్రం అమ్మే షాపులో కాదు. బిట్ల సెట్టు బంగారు రంగులో ఉందని మురిసిపోకండి. ఆ పూత కింద మెత్తటి ఉక్కు ఉండవచ్చు. 3, 4, 5, 6, 8 సైజుల్లో హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు విడిగా కొనుక్కుని, అద్దం మీద దొర్లించి వంకర లేదని చూసుకోండి.

ఇవన్నీ ఈ నెలలోనే కొనక్కర్లేదు. ముందు పానాలు, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక మంచి ప్లయర్, హ్యాక్సా, సుత్తి, టేపు చాలు. డ్రిల్, గ్రైండర్ అవసరం పడితే మొదటి ఒకటి రెండు పనులకు అద్దెకు తెచ్చుకోండి. వైస్, వెర్నియర్ ఆ తర్వాత. ఏదైనా కొనే ముందు సందేహం వస్తే దుకాణంలో నిలబడి ఫోను చేయండి. మొన ఫొటో, అంచు ఫొటో దగ్గరగా తీసి పంపండి, చూసి చెబుతాను.

మీ మాస్టారు