హౌస్ కాల్ ప్రాక్టీసు: రాజీనామా ఇచ్చే ముందు మెడికేర్ తేదీ చూసుకోండి

గత నెలలో ఒక ఆదివారం రాత్రి టూసాన్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, అమెరికా వచ్చాక ఎన్‌పీ (నర్స్ ప్రాక్టీషనర్, అంటే పేషెంట్లను పరీక్షించి మందులు రాసే నర్సు) అయింది. "అక్కా, ఎన్‌పీఐ నంబరు వచ్చింది, కంపెనీ రిజిస్టరు చేశాను, శుక్రవారం రాజీనామా ఇస్తున్నాను. సెలవు రోజుల్లో పదకొండు మందిని ఇళ్ళకు వెళ్ళి చూశాను కూడా" అంది. గొంతు నిండా సంతోషం. మెడికేర్ అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్ళకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా; దాని నుంచి డబ్బు రావాలంటే మనం అందులో నమోదు కావాలి. ఆ మెడికేర్ దరఖాస్తు ఎప్పుడు పెట్టావమ్మా అని అడిగాను. "ఇంకా లేదక్కా. పెట్టాక పాతవన్నీ కలిపి బిల్లు చేసుకోవచ్చట కదా?"

ఈ "అట" ఎన్ని కుటుంబాల పొదుపును మింగిందో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. నేను అరిజోనాలో ఆరేళ్ళుగా సొంతంగా హౌస్ కాల్స్ చేస్తున్న నర్స్ ప్రాక్టీషనర్‌ని.

అపోహ: ముందు పేషెంట్లను చూద్దాం, డబ్బులు తరువాత రాబట్టుకుందాం.

రావు. ఎన్‌పీఐ కేవలం ఒక గుర్తింపు సంఖ్య. అది ఉన్నంత మాత్రాన ఎవరూ మీకు డబ్బు చెల్లించరు. మెడికేర్ మిమ్మల్ని లెక్కలోకి తీసుకునేది, ఆమోదం పొందిన దరఖాస్తు మీరు పెట్టిన తేదీ నుంచి, లేదా ఆ చోట సేవ మొదలుపెట్టిన తేదీ నుంచి. రెండింటిలో ఏది తరువాతదైతే అదే. ముందుగా నమోదు కావడానికి వీలుపడని పరిస్థితి ఉంటే, అంతకు 30 రోజుల ముందు వరకు చేసిన విజిట్లకు అవకాశం ఉంది. ముప్ఫై ఒకటో రోజుది పోయినట్టే. క్లెయిము పంపడానికి ఏడాది గడువుంటుందన్న మాటను పట్టుకుని చాలామంది మోసపోతున్నారు. ఆ గడువు నమోదైనవాళ్ళకు, నమోదైన తేదీ తరువాత చేసిన పనికి.

"ఆమోదం పొందిన" అన్న మాటను మళ్ళీ చదవండి. నా మొదటి దరఖాస్తులో నర్సింగ్ లైసెన్సు మీద అత్తవారి ఇంటిపేరు, సోషల్ సెక్యూరిటీలో పుట్టింటి ఇంటిపేరు ఉన్నాయి. సరిచేయమని మెయిల్ వచ్చింది. అది స్పామ్‌లో పడింది, నేను చూడలేదు. అడిగిన వివరం 30 రోజుల్లో ఇవ్వకపోతే దరఖాస్తును తిరస్కరించవచ్చు. నాది తిరస్కరించారు. మళ్ళీ కొత్త దరఖాస్తు, దానితోపాటు కొత్త తేదీ. మధ్యలో రెండు నెలలకు పైగా ఎండలో తిరిగి చూసిన పేషెంట్ల తాలూకు ఒక్క డాలరు రాలేదు. ఆ ఏడాది మా అబ్బాయి పుట్టినరోజుకు సైకిల్ కొనలేకపోయాను. మన ఆడపిల్లల్లో చాలామందికి కాగితాల మీద ఇంటిపేరు రెండు రకాలుగా ఉంటుంది, కొందరు అబ్బాయిలకైతే ఇంటిపేరు, అసలు పేరు తారుమారై ఉంటాయి. ముందు అది చూసుకోండి.

ఇందులోనే ఇంకో గుంట ఉంది. మీ నమోదు పూర్తయింది, పెద్దాయన సొరుగులోంచి ఎరుపు, తెలుపు, నీలం రంగుల మెడికేర్ కార్డు తీసి చూపించారు, మీరు విజిట్ చేసి బిల్లు పంపారు. తిరిగి వచ్చింది. ఎందుకంటే ఆయన అడ్వాంటేజ్ ప్లానులో ఉన్నారు. ఆ ప్లాను మెడికేర్ తరఫున ప్రైవేటు కంపెనీ నడిపేది, దానితో సాధారణంగా మీకు విడిగా ఒప్పందం ఉండాలి. పాత కార్డును ఎవరూ పారేయరు, అది సొరుగులో అలాగే ఉంటుంది. నేడు మెడికేర్‌లో ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఇలాంటి ప్లానుల్లోనే ఉన్నారు. ప్రైవేటు కంపెనీల క్రెడెన్షియలింగ్‌కు (మీ అర్హతలు సరిచూసి చేర్చుకోవడానికి) నెలలు పడుతుంది, వాటిలో చాలా కంపెనీలు వెనకటి తేదీ ఇవ్వవు. కార్డును చూసి నమ్మకండి. వెళ్ళే ముందు రోజే ఆన్‌లైన్‌లో అర్హత సరిచూసుకోండి.

"అయితే అందాకా నగదు తీసుకుంటాను" అంటారు. మెడికేర్ ఉన్న పెద్దల దగ్గర, మెడికేర్ ఇచ్చే సేవకు అలా తీసుకోకూడదు. లిఖితపూర్వకంగా మెడికేర్ నుంచి తప్పుకుని, ప్రతి పేషెంటుతో ఒప్పందం రాసుకుంటే తప్ప. అలా తప్పుకుంటే రెండేళ్ళపాటు మెడికేర్‌కు బిల్లు పంపలేరు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల సంగతి వేరు, వాళ్ళకు మెడికేర్ ఉండదు కాబట్టి నగదు తీసుకోవచ్చు. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు 65 నిండి, ఇక్కడ వరుసగా ఐదేళ్ళు ఉంటే ప్రీమియం కట్టి పార్ట్ బి (మెడికేర్‌లో మన విజిట్లకు చెల్లించే భాగం) తీసుకోవచ్చు. చాలా ఇళ్ళలో ఈ విషయం పిల్లలకే తెలియదు.

అపోహ: మంచం పట్టినవాళ్ళనే ఇంటికి వెళ్ళి చూడాలి.

ఇల్లు దాటడం కష్టమైనవాళ్ళకే అన్నది హోమ్ హెల్త్ ఏజెన్సీల (ఇంటికి నర్సులను పంపే సంస్థల) నిబంధన. మనం పార్ట్ బి కింద చేసే విజిట్‌కు ఆ షరతు లేదు. క్లినిక్కు బదులు ఇంటికే ఎందుకు వెళ్ళామో రాయాలన్న నియమాన్ని కూడా 2019లో తీసేశారు. విజిట్ వైద్యపరంగా అవసరమైనదై ఉండాలి, అంతే.

చాండ్లర్‌లో ఒక పెద్దావిడ రోజూ గుడికి నడిచి వెళ్ళేవారు. "ఆవిడ నడుస్తున్నారు కదా, మీకు ఇంటి విజిట్ రాదు" అని ఎవరో చెప్పడంతో కోడలు ఏడాదిపాటు ఎవరినీ పిలవలేదు. పూజ ముగించి లేచేటప్పుడు తూలి రెండుసార్లు పడ్డారు. నేను వెళ్ళిన రోజు కూర్చున్నప్పుడు పై బీపీ 118, నిలబెట్టి చూస్తే 92. మందులన్నీ తెమ్మన్నాను. సంచిలోంచి ఇక్కడి డాక్టరు ఇచ్చిన లోసార్టాన్ సీసా వచ్చింది. ఇంకేమైనా ఉన్నాయా అత్తయ్యగారూ అని రెండోసారి అడిగితే దేవుడి గూటి పక్కన ఉన్న స్టీలు డబ్బా తెచ్చారు. అందులో హైదరాబాదులో రాసిచ్చిన టెల్మిసార్టాన్, సగం వాడిన స్ట్రిప్పు. రెండూ ఒకే జాతి బీపీ మందులు. క్లినిక్కు వెళ్ళేటప్పుడు ఆవిడ సంచి మాత్రమే తీసుకెళ్ళేవారు, డబ్బా ఎప్పుడూ ఇల్లు దాటలేదు. ఆ కోడలి ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఆమె తప్పేమీ లేదు, ఎవరో చెప్పిన మాట విన్నది, అంతే.

మిగతావి త్వరగా చెబుతాను.

డాక్టరు సంతకం లేకుండా కుదరదంటారు. అది రాష్ట్రాన్ని బట్టి. అరిజోనా, వాషింగ్టన్, కొలరాడోల్లో కుదురుతుంది. టెక్సస్‌లో మందులు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండి తీరాలి. డాలస్‌లో ఉన్నవాళ్ళు నా మాట విని మొదలుపెట్టకండి, మీ రాష్ట్ర నర్సింగ్ బోర్డు నిబంధనలు చదవండి.

డాక్టరుకు ఇచ్చేదానిలో 85 శాతమే మనకు వస్తుందన్నది నిజం, 1998 నుంచీ అంతే. కానీ ప్రాక్టీసును ముంచేది ఎక్కువగా కారు. దారి ఖర్చుకు, దారిలో గడిచే సమయానికి మెడికేర్ ఒక్క సెంటు ఇవ్వదు. ఒక రోజు ఒక వైపు పేషెంట్లనే పెట్టుకోండి. నేను ఏడు ఇళ్ళకు మించి ఒప్పుకోను.

"మనవాళ్ళే కదా, పేషెంటు కట్టాల్సిన ఆ 20 శాతం వదిలేద్దాం" అనేది మంచి మనసుతో చేసే పెద్ద తప్పు. అందరికీ అలవాటుగా వదిలేయడం చట్టవిరుద్ధం. నిజంగా కట్టలేనివాళ్ళకు, వాళ్ళ ఇబ్బందిని విచారించి, కాగితం మీద రాసి వదలవచ్చు. కాఫీ తాగి రండి, బిల్లు మాత్రం పంపండి.

టూసాన్ అమ్మాయితో ఆ రాత్రి రెండు గంటలు కూర్చున్నాను. క్యాలెండరు తీయించి పదకొండు విజిట్లను ఒక్కొక్కటిగా చూశాం. నాలుగు 30 రోజులు దాటినవి, మూడు అడ్వాంటేజ్ ప్లానులవి. మిగిలిన నాలుగింటికి కొంత ఆశ ఉంది. ఏడ్చింది. ఏడవనిచ్చాను. తరువాత పెకోస్ (మెడికేర్ ఆన్‌లైన్ నమోదు సైటు) తెరిపించి, దరఖాస్తు పంపే ముందు లైసెన్సు మీదున్న పేరు, సోషల్ సెక్యూరిటీ కార్డు మీదున్న పేరు ఫోన్‌లోనే అక్షరం అక్షరం చదివించుకున్నాను.