ఇంటి కనెక్షన్‌కు సొంత ఐపీ ఎందుకు దక్కడం లేదు?

ఇంట్లో సీసీ కెమెరా పెట్టారు. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా సరిగ్గానే చేశారు. అయినా బయటి నుంచి కెమెరా తెరుచుకోదు. రూటర్ పాడైందేమోనని రీసెట్ మీద రీసెట్ కొడతారు. చాలాసార్లు తప్పు దానిది కాదు, ఆ కనెక్షన్‌కు పబ్లిక్ ఐపీయే, అంటే బయటి ఇంటర్నెట్‌లో చెల్లే అడ్రసే లేదు. డబ్బు కట్టి తీసుకున్న కనెక్షన్‌కు సొంత అడ్రస్ లేకపోవడమేమిటి?

ఇంటర్నెట్ అడ్రస్‌లకు 1981లో ఖరారైన పద్ధతి ఐపీవీ4. అందులో ఒక్కో అడ్రస్‌కు 32 బిట్లు. మొత్తం 429 కోట్ల పైచిలుకు అడ్రస్‌లు వస్తాయి. నెట్‌వర్క్‌లో ఉన్నవే కొన్ని వందల కంప్యూటర్లు కాబట్టి అప్పట్లో అది తరగని గని. పంపకాలూ అలాగే జరిగాయి. అమెరికా యూనివర్సిటీ ఎంఐటీకి 18తో మొదలయ్యేవన్నీ ఇచ్చేశారు, యాపిల్‌కు 17తో మొదలయ్యేవన్నీ. ఒక్కొక్కరికి 1.67 కోట్లకు పైగా! వాడినా వాడకపోయినా వాళ్లవే.

1990లు వచ్చేసరికి గని అడుగు కనిపించింది. 1993లో ఎవరికి కావలసినంత వాళ్లకే కోసి ఇచ్చే పద్ధతి తెచ్చారు. మరుసటి ఏడాది మార్చిలో కొన్ని అడ్రస్‌లను ఎవరైనా తమ లోపలి నెట్‌వర్క్‌లో వాడుకోవచ్చని పక్కన పెట్టారు. ఇవే ప్రైవేట్ ఐపీలు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. ఈ 10 ఒకప్పుడు ఇంటర్నెట్‌కు తాత లాంటి అర్పానెట్ సొంత నంబరు. 1990లో అర్పానెట్ మూతపడ్డాక ఖాళీగా పడి ఉంది. ప్రైవేట్ అన్నారు కదా అని అందులో గుట్టు, భద్రత వెతకక్కర్లేదు. బయటి ఇంటర్నెట్‌లో చెల్లని నంబరు, అంతే.

అదే 1994 మే నెలలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు నాట్ పద్ధతిని, అంటే లోపలి ప్రైవేట్ ఐపీని బయటికి వెళ్లేటప్పుడు పబ్లిక్ ఐపీగా మార్చే పద్ధతిని రాసిపెట్టారు. దాన్ని వాళ్లు తాత్కాలిక ఉపాయంగానే ప్రతిపాదించారు. ఇప్పుడు ఒకే పబ్లిక్ ఐపీని ఇంట్లో అన్నిటికీ పంచుతూ ఇంటి రూటర్ చేస్తున్నది దాని విస్తరణే. లోపలి ఫోన్ ఏదైనా సైటును అడగగానే రూటర్ తన పట్టికలో ఒక వరుస రాసుకుంటుంది: ఈ పోర్ట్‌కు (ఒకే అడ్రస్‌లో తలుపు నంబరు లాంటిది) వచ్చే జవాబు ఫలానా ఫోన్‌ది అని. పట్టికలో లేనిది బయటి నుంచి వస్తే ఎవరికివ్వాలో తెలియక వదిలేస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ వరుసను మనమే ముందుగా రాసిపెట్టడం.

ఇంటికో పబ్లిక్ ఐపీ ఉన్నన్నాళ్లు ఈ ఏర్పాటు బాగానే నడిచింది. 2011 ఫిబ్రవరి 3న అంతర్జాతీయ నిల్వలోని చివరి ఐదు అడ్రస్‌ల బ్లాకులు కూడా ఐదు ప్రాంతీయ సంస్థలకు వెళ్లిపోయాయి. కస్టమర్లు పెరుగుతున్నారు, అడ్రస్‌లు లేవు. దాంతో చాలా ఇంటర్నెట్ కంపెనీలు తమ వైపు కూడా నాట్ పెట్టాయి. దాని పేరు సీజీనాట్. కంపెనీ లోపల వాడే నంబర్లు మన ఇంటి నంబర్లతో ఢీకొనకుండా 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 దాకా విడిగా కేటాయించారు. రూటర్ సెట్టింగ్స్‌లో బయటి కనెక్షన్ వివరాలుండే వ్యాన్ (WAN) పేజీలో ఆ నంబరు కనిపిస్తే విషయం తేలిపోయినట్టే.

అసలు చిక్కు ఇక్కడుంది. ఇప్పుడు పట్టికలు రెండు. రెండోది కంపెనీ చేతిలో ఉంటుంది, అందులో మనం వరుస రాయలేం. పైగా అదే పబ్లిక్ ఐపీని పంచుకుంటున్న మరో ఇంటివాళ్లు ఏదైనా సైటులో అల్లరి చేస్తే, ఆ సైటు పెట్టే నిషేధం మనకూ తగలొచ్చు.

పబ్లిక్ ఐపీకి కంపెనీ అదనంగా డబ్బు అడిగితే ఒళ్లు మండుతుంది. కానీ అడ్రస్‌లు సరుకుగా మారి చాలా కాలమైంది. దివాలా తీసిన టెలికాం కంపెనీ నార్టెల్ నుంచి 2011లో మైక్రోసాఫ్ట్ 6,66,624 అడ్రస్‌లను 75 లక్షల డాలర్లకు కొంది. ఒక్కోటి 11 డాలర్ల పైమాటే. అన్నట్టు, పబ్లిక్ వేరు, స్టాటిక్ (ఎప్పుడూ మారనిది) వేరు. పబ్లిక్ అయినా రోజుకోసారి మారేవి ఉంటాయి.

అసలు మందు, ఐపీవీ4 తర్వాతి పద్ధతి ఐపీవీ6, 1995 డిసెంబరు నుంచే కాగితం మీద ఉంది. 128 బిట్లు, కరువన్న మాటే లేదు. నాట్‌తో పని గడిచిపోతుండటం వల్లే దానికి ఇంత ఆలస్యమైందని నా అభిప్రాయం. అది వచ్చిన ఇళ్లలో, కెమెరా కూడా ఐపీవీ6 వాడగలిగితే, దానికి సొంత పబ్లిక్ అడ్రస్ ఉంటుంది. అయితే బయటి నుంచి వచ్చేవాటిని రూటర్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపేస్తుంది, దాన్ని తెరవాలి. చూసే ఫోన్ ఉన్న నెట్‌వర్క్‌లోనూ ఐపీవీ6 ఉండాలి.